నేను అరగదీసిన పన్ను

ముప్పై ఏళ్ళు పళ్ళ డాక్టరుగా పని చేసి, మెడనొప్పి భరించలేక మానేసిన ఏడాదికే నేను ఇంట్లో అందరి ప్రాణాలూ తోడెయ్యడం మొదలుపెట్టాను. అందరూ అంటే ఎవరో కాదు, మా ఆయన ఒక్కరే. ఆయన ఇంకా హాస్పిటల్లో పని చేస్తున్నారు. డ్యూటీల రోటా ప్రకారం ఏ వేళకో వచ్చి సోఫాలో కూలబడిన మనిషిని పట్టుకుని, డిష్‌వాషర్‌లో గిన్నెలు ఎలా సర్దాలో పాఠం చెప్పేదాన్ని. చివరికి ఆయనే ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టారు. ఒక మ్యూజియంలో శిలాజాలు శుభ్రం చేయడానికి వాలంటీర్లు కావాలట. నీకు పళ్ళు కావాలి, వాళ్ళ దగ్గర పళ్ళున్నాయి, వెళ్ళు తల్లీ అన్నారు.

ఆ మ్యూజియం పేరు చెప్పను. మాంచెస్టర్‌లో మా ఫ్లాటు నుంచి ఒక ట్రామూ, ఒక బస్సూ ఎక్కితే వస్తుంది. జనం తిరిగే హాళ్ళ వెనక కిటికీల్లేని పొడుగాటి గది ఒకటుంది. మంగళవారాలు అక్కడ నావి. సున్నపురాయి క్వారీ నుంచి తెచ్చిన బండముక్కల్ని పల్చటి ఆసిడ్‌లో నానబెడతారు. రాయి కరిగిపోగా అడుగున ఇసక మిగులుతుంది. ఆ ఇసకను చిటికెడు చిటికెడు మైక్రోస్కోపు కింద పోసుకుని, తడి కుంచె కొసతో ఎముక ముక్కల్నీ పళ్ళనీ ఏరాలి. బియ్యంలో రాళ్ళేరిన చెయ్యి నాది. రాళ్ళలో బియ్యం ఏరడం ఏమంత కష్టమనిపించలేదు.

పనికి నా పాత పరికరాల పెట్టె తీసుకెళ్ళాను. అక్కడివాళ్ళు వాడేవీ పళ్ళ డాక్టర్ల సూదులూ, కొక్కేలే. నా పెట్టె చూసి సంబరపడ్డారు. నెల తిరక్కుండానే ఏ పన్ను దొరికినా మన డెంటిస్టును అడగండి అనడం మొదలైంది. దాచడమెందుకు, అది నా తలకెక్కింది. క్లినిక్కు మానేశాక నన్ను ఏదైనా అడిగేవాళ్ళు లేకుండా పోయారు మరి.

ఆ పళ్ళ మీద పరిశోధన చేస్తున్నది ఒక తెలుగమ్మాయి. వాళ్ళ అమ్మానాన్నలది కరీంనగర్ వైపు, ఉండేది లండన్ పక్క స్టాన్‌మోర్‌లో. పిల్ల పుట్టింది ఇక్కడే. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెబుతుంది, మధ్యలో ఆంటీ అన్న మాట ఒక్కటే మన వైపుది. ఆమె మాటల్ని ఇక్కడ తెలుగులో రాస్తున్నా, చాలావరకు నేను విన్నది ఇంగ్లీషే. ఇరవై ఆరేళ్ళుంటాయి. మధ్యాహ్నం ఆలూ క్రిస్ప్స్ తిని కడుపు నింపుకుంటుంటే చూడలేక, మంగళవారాలు ఆమెకూ ఒక డబ్బా కట్టుకెళ్ళేదాన్ని. పులిహోరలో పల్లీలన్నీ ముందు ఏరుకు తినేసేది.

ఆమె ముందున్న ప్రశ్న నాకు మొదటిరోజే అర్థమైంది. డైనోసార్లలో పెద్ద వంశాలు రెండు. ఒక దానికి తుంటి ఎముక పక్షి తుంటిలా ఉంటుంది, ఇంకోదానికి బల్లి తుంటిలా. రెండు వంశాల్లోనూ తొలినాళ్ళలో ఆకులు తినే చిన్న జంతువులున్నాయి. రెంటి పళ్ళూ చిన్న ఆకు ఆకారంలోనే ఉంటాయి, అంచున రంపంలా నొక్కులు. మన పిల్ల దగ్గర తుంటి ఎముక లేదు, పుర్రె లేదు. ఇరవై కోట్ల ఏళ్ళ కిందటి కుక్కపిల్లంత జంతువు తాలూకు పళ్ళు మాత్రమే ఉన్నాయి, ఇసకంతా ఏరాక లెక్కకు తొమ్మిది, ఒక్కొక్కటీ నువ్వుగింజంత. పైగా మొసళ్ళ దూరపు చుట్టాలకు కూడా అలాంటి పళ్ళే ఉండేవట. వెనకటికి పళ్ళొక్కటే చూసి డైనోసార్లని తేల్చిన జంతువుల్లో కొన్ని, తర్వాత అస్థిపంజరం దొరికాక మొసలి బంధువులని తేలాయి. పెళ్ళిలో ఇంటిపేరు వినగానే చుట్టరికం తేల్చేసే మా పెద్దమ్మకు కూడా అక్కడ పని జరగదు.

ఒక్క ఆధారం మాత్రం పనికొస్తుంది. పై పన్నూ, కింది పన్నూ ఒకదానికొకటి రాసుకుంటే పంటి పక్కన ఏటవాలుగా ఒక నున్నటి చదును ఏర్పడుతుంది. బల్లి తుంటి వంశపు తొలి శాకాహారుల్లో అది దాదాపు కనిపించదు, పక్షి తుంటి వాటిలో కనిపిస్తుంది. తొమ్మిదింటిలో ఒక్కదానికైనా అలాంటి అరుగుదల ఉంటే ఆమెకు చెప్పడానికో మాట ఉంటుంది. లేకపోతే మూడేళ్ళ చదువు చివర 'తెలియదు' అని రాసుకోవాలి. సెప్టెంబరుకు థీసిస్ ఇవ్వాలి. ఇంకో అరుగుదల లేని పన్నేనా ఆంటీ అని ప్రతివారం అడిగేది. దొరికితే దొరుకుతుందిలే, నువ్వు ముందు తిను అనేదాన్ని.

ఇక నేను చేసిన పని చెబుతాను. చెప్పడానికే కదా ఇదంతా మొదలుపెట్టింది.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం ఏడో పన్ను నా చేతికి వచ్చింది. పక్కన ఒక ఇసక రేణువు గట్టిగా అతుక్కుని ఉంది. సూదితో కదిపాను, రాలేదు. కొక్కెంతో గీరాను. ముప్పై ఏళ్ళు గార గీకిన చెయ్యి, ఒడుపు తెలుసనుకుంది. రేణువు ఊడింది, దాంతోపాటు పంటి అంచు పిసరంత లేచిపోయింది. అక్కడ ఒక పదునైన మూల మిగిలింది. అప్పుడు నేనేం చేశానో ఈనాటికీ తల్చుకుంటే సిగ్గేస్తుంది. విరిగిన అంచు చూస్తే పళ్ళ డాక్టరు చెయ్యి ఊరుకోదు. పేషంటు నాలుక కోసుకుపోతుందని ముందు ఆ మూలను నున్నగా చేస్తాం. నా చెయ్యి తనంతట తానే పెట్టెలోకి వెళ్ళి పాలిష్ పట్టీ తీసింది. ఒక వైపు సన్నటి గరుకున్న పల్చటి రిబ్బను అది. మూల మీద మూడుసార్లు లాగాను. లాగి, నోరు పుక్కిలించమని చెప్పడానికి తలెత్తాను.

ఎదురుగా గోడ ఉంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు. ఇరవై కోట్ల ఏళ్ళుగా నాలుకే లేని జంతువుకు నాలుక కోసుకుంటుందని వైద్యం చేశాను. మళ్ళీ లెన్సులోంచి చూస్తే పంటి పక్కన ఏటవాలుగా ముచ్చటైన చదును ఒకటి కనిపించింది.

అక్కడ ప్రతి శిలాజానికీ ఒక కార్డుంటుంది. ఏ పరికరం వాడాం, ఏం చేశాం, దెబ్బ ఏమైనా తగిలిందా, అన్నీ రాయాలి. దెబ్బ తగిలితే తిట్టరు కూడా. రాస్తే చాలు. రాసినవాళ్ళను నేను చూశాను. నేను మాత్రం 'తడి కుంచె, సూది' అని రాసి, దెబ్బ అన్నచోట ఏమీ లేదన్నట్టు చిన్న గీత పెట్టాను. మన డెంటిస్టు పన్ను విరగ్గొట్టిందట అని ఆ గదిలో ఒక్కరు నవ్వినా భరించలేననిపించింది.

నా క్లినిక్కులో ఒకప్పుడు ఒక నర్సు చార్టులో పంటి నంబరు తప్పు రాసి, ఎవరూ చూడకుండా దిద్దబోయింది. వరండాలో నలుగురు పేషంట్ల ముందు ఆ పిల్లను ఏడ్చేదాకా తిట్టాను. చార్టులో అబద్ధం రాసే చెయ్యి నా గదిలో వద్దన్నాను. ఆమె మర్నాటి నుంచి రాలేదు. అప్పుడు నన్ను నేను ఎంత గొప్పదాన్ననుకున్నానో.

మూడు వారాలకు అమ్మాయి ఆ పన్నును చూసింది. నేను బల్ల మీద ఇసక పరుస్తుంటే చెయ్యి పట్టి లాక్కెళ్ళింది. కంప్యూటర్ తెర మీద పన్ను అరచెయ్యంత ఉంది. నేను చేసిన చదును తళతళలాడుతోంది.

"ఆంటీ, మీరు నిజం చెప్పండి," అంది. "నాకు కావాలని ఉంది కాబట్టి కనిపిస్తోందా? ఇది నమిలి అరిగిందేనా?"

ఇంతకంటే సూటిగా ఎవరైనా ఏం అడుగుతారు? చెప్పడానికి ఒక్క క్షణం చాలు. అమ్మా, అది నా పని అంటే అయిపోయేది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆమె నా ముఖంలోకి చూస్తోంది. అలాగే ఉందమ్మా అన్నాను.

'అలాగే ఉంది' అన్నాను గానీ, 'అదే' అనలేదు కదా అని ట్రాములో నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడం అంటే ఇదే. ఆ పిల్ల మాత్రం అక్కడికక్కడే నన్ను కౌగిలించుకుని గిరగిరా తిప్పింది. నా మెడ పట్టేసింది కూడా.

అక్కడి నుంచి ఆమె పరుగు ఆగలేదు. ఆ అధ్యాయం నెలలో రాసేసింది. వేసవిలో ఒక సమావేశంలో దాని మీద మాట్లాడటానికి అవకాశం వచ్చింది. కృతజ్ఞతల్లో నా పేరు పెట్టి, పంటి అరుగుదలను పరిశీలించి నిర్ధారించిన దంతవైద్యురాలు అని రాసి, నాకు ఫోనులో పంపింది. నేనేం చేశానో తెలుసా? గుంటూరులో మా చెల్లెలికి పంపాను. అది ఊరుకుంటుందా, మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. బొటనవేళ్ళు, దండాలు, పూలగుత్తులు. మా అక్క డైనోసార్లకు కూడా పళ్ళు చూస్తుంది అని మా తమ్ముడు రాశాడు. సిగ్గు లేకుండా దానికి నవ్వు ముఖం పెట్టాను.

ఆ వారమే మా ఆయనకు నిజం చెప్పాను. చెప్పకపోతే అన్నం దిగేలా లేదు. ఆయన పెరుగన్నం కలుపుకుంటూ విన్నారు. అంత పాత పన్ను మీద ఇప్పుడు కేసెవరు వేస్తారు, పిల్ల పాసవుతుంది, నువ్వు నోరు మూసుకుంటే ఎవరికీ నష్టం లేదు అన్నారు. పాపం, నా ముఖం చూడలేక అన్న మాట అది. నేను దాన్ని పట్టుకుని వేలాడాను. మరో రెండు నెలలు మంగళవారాలు వెళ్ళి, ఆమెకు డబ్బా ఇచ్చి, ఏమీ ఎరగనట్టు ఇసక ఏరుకున్నాను. ఎవరైనా కార్డుల సొరుగు తెరిస్తే చాలు, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉలిక్కిపడేదాన్ని.

జూన్‌లో ఆమె గైడు ఆ పన్నును ఇంకా బలమైన మైక్రోస్కోపు కింద పెట్టించాడు. నాకు తెలుసు అక్కడ ఏం కనిపిస్తుందో. నమిలి అరిగిన పంటి మీద గీతలు తలో దిక్కుకూ పోతాయి, మధ్యలో గుంటలుంటాయి. లోపలి మెత్తటి భాగం పైపొర కంటే ఎక్కువ అరిగి లోతుగా ఉంటుంది. ఈ పంటి మీద గీతలన్నీ ఒకే దిక్కున, దువ్వినట్టు ఉన్నాయి. పైపొరనూ, లోపలి భాగాన్నీ ఒకే మట్టంగా కోసేశాయి. ఇది జంతువు పని కాదు, పరికరం పని అని గైడు చెప్పేశాడు.

ఈ సంగతి నాకు తెలిసింది ఒక ఆదివారం. అమ్మాయి ఫోనైనా చెయ్యకుండా మా ఇంటికి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పెసరట్టు వేసి పెడితే ముక్క తుంచి పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా చెప్పింది. ఫొటో కోసం పన్నును ఒక చిన్న జిగురు ముద్దలో నిలబెట్టిందట. ఆ ముద్ద అంచుల్ని సన్నటి గరుకు కాగితంతో సరిచేసిందట. పంటికి తగల్లేదనే అనుకుందట. కార్డు చూస్తే అంతకుముందు కుంచె, సూది తప్ప ఏమీ వాడలేదని స్పష్టంగా ఉంది. కాబట్టి తన చెయ్యే తగిలి ఉండాలి. మిగతా ఎనిమిది పళ్ళనూ తానెలా పట్టుకుందో అని గైడుకు ఇప్పుడు అనుమానం. తన నిర్లక్ష్యం వల్ల సమావేశం నుంచి తప్పుకుంటున్నానని ఉత్తరం రాసుకొచ్చింది, నాకు చూపించడానికి.

"సారీ ఆంటీ," అంది. "మీరు అంత నమ్మకంగా చెప్పారు. నా వల్ల మీ పేరు కూడా పోయింది."

ఇక్కడ నేను అన్న మాట రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. పోనీలేమ్మా అన్నాను. అందరికీ జరిగేదే, నేనేమీ అనుకోను అన్నాను. అని ఆమె తల నిమిరాను. నేను చేసిన తప్పుకు ఆ పిల్లను క్షమించాను. ఆమె నా భుజం మీద వాలి ఏడ్చింది. వంటింటి గుమ్మంలో మా ఆయన కాఫీ కప్పులతో నిలబడిపోయారు. ఆయన నా వైపు చూసిన చూపు ముప్పై రెండేళ్ళ కాపురంలో ఎప్పుడూ చూడలేదు. ఆమెను ట్రాము దాకా దింపి వచ్చి, ఆయన నేరుగా వెళ్ళి టీవీ పెట్టుకున్నారు.

సోమవారం ఆమెకు ఫోను చేసి, ఆ ఉత్తరం రేపటిదాకా పంపొద్దని మాత్రం చెప్పాను. ఎందుకని అడిగితే, వచ్చాక చెబుతానన్నాను. పిరికితనం అంత తొందరగా వదలదు.

మంగళవారం ఆమె తన బల్ల దగ్గర ఒక్కతే ఉంది. నేను కూర్చోలేదు. పెట్టెలోంచి ఆ పట్టీ తీసి ఆమె ముందు పెట్టాను. అన్నీ చెప్పాను. రేణువు, కొక్కెం, లేచిన అంచు, మూడు లాగుళ్ళు, కార్డు మీద గీత. నాలుక కోసుకుంటుందని అలవాటుగా చేశానన్నాను. ఆ ముక్క దగ్గర ఆమె నవ్వుతుందేమోనని ఒక మూల ఆశపడ్డాను కూడా. నవ్వలేదు. నిన్ననే చెప్పాల్సింది, మొన్ననే చెప్పాల్సింది అంటూ నేను ఇంకా ఏదో అంటున్నాను. ఆమె చెయ్యి ఎత్తింది, ఆగమన్నట్టు.

"నేను అడిగిన కదా ఆంటీ," అంది తెలుగులో. "మిమ్మల్నే అడిగిన."

వాళ్ళ అమ్మతో గొడవపడేటప్పుడు మాట్లాడే తెలుగేమో అది. నా ముప్పై ఏళ్ళ డాక్టరు డాబు అంతా కాళ్ళ కిందికి జారిపోయింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

ఆమె లేచి గైడుకు ఫోను చేసింది. నేను అక్కడే ఉండగానే, జరిగింది జరిగినట్టు చెప్పింది. నన్ను ఒక్క మాట ఎక్కువ అనలేదు, తక్కువా అనలేదు. అటు నుంచి ఆయన ఒక పని సూచించాడట. అదే పట్టీతో, అదే చేతితో ఇంకో పంటి మీద గీయించి, ఆ గీతల్నీ ఈ గీతల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఏది జంతువు అరుగుదలో ఏది మనిషి చేసిందో చెప్పడానికి ఒక నమూనా ఉంటుంది. మిగతా ఎనిమిది పళ్ళ మీద అలాంటివి లేవని కూడా చూపించవచ్చు. ఆమె థీసిస్‌లో ఆ అధ్యాయం ఇప్పుడు దాని గురించే. జంతువు ఏ వంశానిదో 'తెలియదు' అనే రాసింది.

ఆ తర్వాతి మంగళవారం ఆమె సొరుగులోంచి, ఏ జంతువుదో ముందే తెలిసిన పన్ను ఒకటి తెచ్చింది. చనిపోయిన ఇగ్వానా అనే పెద్ద బల్లిదట, అదీ ఆకులు తినేదే, పన్ను కూడా ఆకులాగే ఉంది. దాన్ని మైనంలో నిలబెట్టి నా ముందు పెట్టింది. ఎంత ఒత్తిడి పెట్టాను, ఏ వైపు నుంచి ఏ వైపుకు లాగాను, ఎంత ఏటవాలుగా పట్టుకున్నాను, ఒక్కొక్కటే అడుగుతూ నోటు పుస్తకంలో రాసుకుంది. నేను చెప్పినవన్నీ నిజమే. ఈసారి ఒక్కటీ దాచలేదు. మొదటిసారి లాగబోతుంటే ఆపింది. ఫోనును ఒక స్టాండుకు తగిలించి, నా చేతుల మీదికి తిప్పి, రికార్డింగ్ పెట్టింది.

రాసుకున్నావు కదమ్మా, మళ్ళీ వీడియో ఎందుకని అడిగాను.

ఆమె గొంతులో కోపం లేదు. రోజూ ఇసక గురించి మాట్లాడే గొంతే. "మీరు చెప్పారు అని రాస్తే ఇప్పుడు సరిపోదు ఆంటీ," అంది.

నేను తలూపి పట్టీ అందుకున్నాను. ఆమె మొదలుపెట్టమంది. మూడుసార్లు లాగాను.